ద్రవ్యసంస్థల లోతు: నేపాళము నేర్పు పాఠము

ఒక దేశమునందలి ద్రవ్యసంస్థలు ఎంత లోతుగ పాతుకొనియున్నవో తెలిసికొనుటకు అర్థశాస్త్రజ్ఞులు ఒక కొలబద్దను చేసికొనిరి. బ్యాంకులు ప్రజలకును వ్యాపారులకును ఇచ్చియున్న అప్పుల మొత్తము నొక ప్రక్కను, ఆ దేశమున సంవత్సరమునకు జరుగు ఉత్పత్తి విలువను మరియొక ప్రక్కను ఉంచి, మొదటిది రెండవదానిలో నూటికెన్ని పాళ్లగునో లెక్కింతురు. ఆ పాళ్లు పెరిగినకొలది దేశము ద్రవ్యవిషయమున లోతైనదనియు, తగ్గినకొలది నిస్సారమనియు నిర్ణయింతురు. ఈ కొలతచొప్పున చూచినచో, ఆసియా ఖండమందలి బీదదేశములలో నొకటియైన నేపాళము నూటికి 90 పాళ్లకు అటునిటుగా నున్నది. విశాలమైన మన భారతదేశము 50 పాళ్ల చెంతనే యున్నది. అంకెలను నమ్మవలసివచ్చినచో, ఖాట్మండు నీడనున్న రైతు మన గోదావరి తీరపు రైతుకంటె సులభముగ అప్పు పుట్టించుకొనగలవాడని మనము ఒప్పుకొనవలసి యుండును.

అయితే, అదే నేపాళమున 2023వ సంవత్సరమున తరాయి జిల్లాలనుండి స్త్రీలు, వృద్ధులు, చిన్నకారు రైతులు కాలినడకన రాజధానికి వచ్చి, వడ్డీవ్యాపారులు తమ భూములను కాజేసిరని వీధులలో మొరపెట్టుకొనిరి. ఆ వడ్డీకి వారు పెట్టిన పేరు ‘మీటరు వడ్డీ’. బాడుగబండి మీటరువలె అది రాత్రింబవళ్లు తిరుగుచునే యుండునని దాని భావము. ఒక చేత 90 పాళ్ల లోతును చూపు పట్టిక, రెండవ చేత పొలము పోగొట్టుకొన్నవాని దస్తావేజు. రెండును సత్యములే. రెండును ఒక్క దేశమునకు సంబంధించినవే. ఈ రెంటికిని సమన్వయ మెట్లు? ఈ ప్రశ్న పండితుల గోష్ఠికి మాత్రమే చెందినది కాదని మా అభిప్రాయము. కొలత తప్పినచో చికిత్సయు తప్పును. రోగి నాడి బాగుగనున్నదని వైద్యుడు చెప్పిన పిదప, రోగి మూలుగును వినువా రెవరు?

మొదట ఈ కొలబద్ద పుట్టుకను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. బ్యాంకు అప్పునకును దేశాభివృద్ధికిని సంబంధము కలదని 1911లోనే జోసెఫ్ షుంపేటరు వాదించెను. కొత్త పనికి పూనుకొనువాడు చేతిలో ధనములేనివాడైనను, బ్యాంకు వానియందు నమ్మకముంచి అప్పిచ్చినప్పుడే కొత్త పరిశ్రమ పుట్టునని అతని సిద్ధాంతము. దానిని అంకెలలోనికి దించినవాడు రేమండ్ గోల్డ్‌స్మిత్. 1969లో ప్రకటించిన గ్రంథమున ఆయన 35 దేశముల లెక్కలను 1860 మొదలు 1963 వరకు కూర్చి, దేశ సంపద పెరిగినకొలది దానిపై లేచు పత్రములు, అప్పులు, వాటాలు అంతకంటె వేగముగ పెరుగునని చూపెను. 1973లో ఎడ్వర్డ్ షా, రొనాల్డ్ మెకినన్ అను ఇరువురు పండితులు వేర్వేరు గ్రంథములలో ఒకే మాటను చెప్పిరి. ప్రభుత్వములు వడ్డీని బలవంతముగ అణచి, అప్పులను తమకిష్టమైనవారికి పంచిపెట్టుచుండగా బీదదేశముల ద్రవ్యసంస్థలు లోతు లేక ఎండిపోవుచున్నవని వారి ఆరోపణ. ‘లోతు’ అను మాట ప్రచారములోనికి వచ్చినది అప్పటినుండియే. పిదప 1993లో రాబర్ట్ కింగ్, రాస్ లెవైన్ అనువారు 80 దేశముల లెక్కలను 1960 మొదలు 1989 వరకు పరిశీలించి, లోతుగల దేశములే తరువాతి కాలమున త్వరగ వృద్ధిచెందినవని తేల్చిరి. నాటినుండి ప్రతి బీదదేశపు ఆర్థికమంత్రియు, ప్రతి కేంద్ర బ్యాంకును ఈ నిష్పత్తిని ఒక పతకమువలె ధరించుట మొదలిడినవి.

ఇక నేపాళ చరిత్రము. రాణాల పాలనలో రణోద్దీప సింహుని కాలమున ‘తేజారథ్ అడ్డా’ అను కార్యాలయము వెలసి, వెండిబంగారములను కుదువ పెట్టుకొని నూటికి 5 వడ్డీకి అప్పులిచ్చుచుండెను. నిజమైన బ్యాంకు అనదగినది 1937 నవంబరులో స్థాపితమైన నేపాళ్ బ్యాంకు. కాగితపు నోట్లు వెలువడినది 1945లో. నేపాళ్ రాష్ట్ర బ్యాంకు అను కేంద్ర బ్యాంకు 1956లో ఏర్పడినది. అచట రాష్ట్రమనగా దేశమనియే యర్థము. ఆనాడు తరాయి అంగళ్లలో భారత రూపాయి స్వేచ్ఛగ చెలామణి యగుచుండెను. నేపాళ రూపాయిని దేశమంతట నడిపించుటయే కొత్త కేంద్ర బ్యాంకునకు మొదటి పనులలో నొకటి యయ్యెను. కొలతను గూర్చి మాటలాడువారు ఈ సంగతిని మరువరాదు. రైతు చేతిలో తిరుగుచున్న నాణెము పొరుగుదేశపుదైనచో, ఆ దేశపు లెక్కలలో అది ఎన్నటికిని కానరాదు. చిన్నదేశమును కొలుచుటలో ఎదురగు మొదటి చిక్కు ఇదియే.

1966లో రాష్ట్రీయ వాణిజ్య బ్యాంకును, 1968లో వ్యవసాయాభివృద్ధి బ్యాంకును ఏర్పడినవి. 1984లో విదేశీ భాగస్వామ్యముతో నేపాళ్ అరబ్ బ్యాంకు తలుపులు తెరచెను. 1990 ప్రాంతమున బ్యాంకులు ప్రైవేటువారికిచ్చిన అప్పు దేశోత్పత్తిలో నూటికి 15 పాళ్లకైనను చేరలేదు. 2000 నాటికి అది రమారమి 30 పాళ్లయ్యెను. ఆ తరువాత సంస్థలు పుట్టగొడుగులవలె మొలచెను. 2006 నాటి చట్టము వానిని నాలుగు తరగతులుగ విభజించినది: వాణిజ్య బ్యాంకులు, అభివృద్ధి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, సూక్ష్మఋణ సంస్థలు. మూడు దశాబ్దములలో 15 పాళ్లనుండి 90 పాళ్లకు! ఇంత ఎత్తు ఇంత త్వరగ ఎక్కిన బీదదేశములు అరుదు. దీనిని ఘనతగ చెప్పుకొనుటలో ఖాట్మండు అధికారులను తప్పుపట్టలేము. కాని ఆ అంకె నిలువుటద్దమా, వంకర అద్దమా అని విచారించుట మన విధి.

మొదటి విచారణ భాజకమును గూర్చినది. నేపాళ యువకులు లక్షలకొలది ఖతారు, సౌదీ అరేబియా, మలేషియా, దక్షిణ కొరియా దేశములలోను, మన హైదరాబాదు మొదలైన నగరములలోను చెమటోడ్చి యింటికి ధనము పంపుచున్నారు. విదేశములనుండి వచ్చు ఆ ధనము దేశోత్పత్తిలో నాలుగవ వంతునకు సమానమగుచున్నది. ఆ ధనము బ్యాంకులలో డిపాజిట్టుగ చేరును. డిపాజిట్టు అప్పుగ మారును. కావున అది భాజ్యములోనికి వచ్చును. కాని అది పుట్టినది ఎడారి దేశములలో గనుక నేపాళపు దేశోత్పత్తిలోనికి, అనగా భాజకములోనికి రాదు. పై అంకె పెరుగుచుండగా క్రింది అంకె నిలిచిపోవుచున్నది. నిష్పత్తి ఉబ్బక యేమి చేయును? దేశోత్పత్తికి బదులు, వలసకూలీల పంపకమును గూడ కలుపుకొన్న దేశాదాయముతో భాగించి చూతము. 100 రూపాయల ఉత్పత్తికి 26 రూపాయల పంపకము చేర్చినచో భాజకము 126 అగును. అప్పుడు 90 పాళ్లు రమారమి 71 పాళ్లగును. ఇంటియజమాని దూరదేశమున నుండి పంపిన సొమ్మును ఇంటి రాబడిలో లెక్కింపక, ఆ సొమ్ముతో కొన్న పాత్రలను మాత్రము ఇంటి వైభవమునకు గుర్తుగ చూపినట్లున్నది ఈ లెక్క.

అంతియేగాదు. అప్పు అనునది సంవత్సరాంతమున నిలిచియున్న నిలువ. ఉత్పత్తి అనునది సంవత్సరము పొడవున సాగిన ప్రవాహము. చెరువులోని నీటిని కాలువలో పారు నీటితో భాగించుచున్నా మన్నమాట. ధరలు పెరుగుచున్న సంవత్సరములలో ఆ రెంటికిని పొంతన యింకను తప్పును. పైగా దేశోత్పత్తి లెక్క యైనను స్థిరమైనది కాదు. 2021లో నేపాళ గణాంక శాఖవారు ఆధార సంవత్సరమును మార్చి లెక్కలను తిరుగవేసిరి. అట్టి మార్పు జరిగినప్పుడెల్ల, ఒక్క బ్యాంకు తలుపైనను తెరువకయే, మూయకయే, దేశపు లోతు మారిపోవును. ఇట్టి కొలబద్దను చేతబట్టుకొనువాడు రెండు మూడు పాళ్ల హెచ్చుతగ్గులను జూచి పండుగ చేసికొనరాదు, దుఃఖింపనురాదు.

రెండవ విచారణ భాజ్యమును గూర్చినది. అప్పు ఎవనికి చేరినది? ఎచట చేరినది? దేనిని చూచి యిచ్చిరి? ఈ మూడు ప్రశ్నలకు నిష్పత్తి సమాధానము చెప్పదు. నేపాళమునందలి ఏడు ప్రదేశములలో ఖాట్మండు లోయ గల బాగ్మతి ప్రదేశ మొక్కటియే దేశపు బ్యాంకు అప్పులలో సగమునకు మించి పుచ్చుకొనుచున్నది. పడమటి కొండలలోని కర్ణాలి ప్రదేశమునకు దక్కునది అత్యల్పము. చెరువు లోతును తూమువద్ద గడవేసి చూచి, ఆయకట్టు చివరి పొలము తడిసినదని వ్రాసికొన్నట్లున్నది. ఇక అప్పులలో మూడింట రెండు పాళ్లు భూమియు, కట్టడములును తనఖా పెట్టినమీదట ఇచ్చినవి. న్యాయస్థానములతో పరిచయము గలవారికి దీని యర్థము వివరింపనక్కరలేదు. బ్యాంకు మనిషిని చూడలేదు, పనిని చూడలేదు. పట్టాను చూచినది. భూమి గలవానికి అప్పు, అప్పు గలవానికి మరికొంత భూమి. ఆ భూమి ధర పెరిగినకొలది తనఖాపై మరికొంత అప్పు. షుంపేటరు కలగన్న కొత్త పనివాడు ఈ చక్రమున ఎచటను లేడు. కౌలురైతునకు పట్టా లేదు. కూలికి పొలమే లేదు. పెక్కిండ్లలో స్త్రీ పేర చారెడు నేలయైనను లేదు. వీరందరును 90 పాళ్ల అంకెకు వెలుపలివారు.

షేర్ల బజారును లోతునకు రెండవ కొలతగ చూపువారు కలరు. ఖాట్మండులో 1994 జనవరినుండి బజారు నడచుచున్నది. దానియందలి వాటాల విలువలో ఎక్కువ భాగము బ్యాంకులవి, బీమా సంఘములవి, సూక్ష్మఋణ సంస్థలవి, జలవిద్యుత్ కంపెనీలవి. బ్యాంకు ఇచ్చిన అప్పుతో బ్యాంకు వాటాలనే కొని, ఆ వాటాలను మరల బ్యాంకునందే కుదువబెట్టుట అచట వింత కాదు. ఈ రెండు కొలతలను ప్రక్కప్రక్కన నిలిపి రెండు సాక్ష్యములని చెప్పుట, ఒక్క సాక్షిని రెండు పేర్లతో బోనెక్కించుటవంటిది. వాణిజ్య బ్యాంకులు తమ అప్పులలో నూటికి 5 పాళ్లు బీదవర్గములకు చేర్చవలెనను నియమము కలదు. ఆ ధనమును పెక్కు బ్యాంకులు సూక్ష్మఋణ సంస్థలకు మొత్తముగ అప్పిచ్చును. ఆ సంస్థలు దానినే గ్రామములలో మరల అప్పిచ్చును. జాగ్రత్తపడని గణకుని చేతిలో ఒకే రూపాయి రెండుమార్లు లోతుగ నమోదగును.

మూడవ విచారణ: లోతు ఎక్కువయినకొలది మేలేనా? ఈ విషయమున పండితుల మాటయే మారినది. 2012లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రకటించిన ఒక పరిశోధనా పత్రమున ఆర్కాండ్, బెర్క్స్, పనిత్సా అనువారు, ప్రైవేటు అప్పు దేశోత్పత్తితో ఇంచుమించు సమానమైన చోటునుండి దానివలని లాభము క్షీణించి, ఆవల కీడుగ పరిణమించునని చూపిరి. నేపాళము ఆ గట్టు చెంతనే నిలిచియున్నది. దాని ఫలము 2021, 2022 సంవత్సరములలో కన్పట్టెను. మహమ్మారి కాలమున వడ్డీలు తగ్గి అప్పులు పొంగిపొరలెను. ఆ అప్పు ఫ్యాక్టరీగ మారలేదు, బావిగ మారలేదు. అందు పెద్ద భాగము దిగుమతి సరకుగ, ఇండ్లస్థలముగ, వాటాల జూదముగ మారెను. విదేశద్రవ్యపు నిలువ తరిగెను. 2022 ఏప్రిలు మాసాంతమున మోటారుకార్లు, మద్యము మొదలైన విలాస వస్తువుల దిగుమతిని ప్రభుత్వము నిషేధింపవలసివచ్చెను. ఆ నిషేధము డిసెంబరువరకు సాగెను. వడ్డీలు ఎగసెను. చిన్న వర్తకుడు అప్పు పుట్టక అంగడి మూసికొనెను. నేపాళ రూపాయి 1993నుండి భారత రూపాయికి 1.60 చొప్పున కట్టుబడియున్నది గనుక, కేంద్ర బ్యాంకునకు తప్పించుకొను దారులు మరియు కొలదియే. పిదప 2024 నాటికి చిత్రము తారుమారయ్యెను. బ్యాంకులలో ధనము మూలుగుచుండెను. అప్పడుగువాడు లేడు. 2022లో నూటికి ఒకటిన్నరకు లోబడియున్న మొండిబాకీలు 2025 నాటికి నాలుగు పాళ్లను దాటెను. నిష్పత్తి మాత్రము ఈ మూడు సంవత్సరములును తన గంభీరముఖమును పెద్దగ మార్చుకొనలేదు. జ్వరమును చూపని ఉష్ణమాపకముతో ఏమి ప్రయోజనము?

పాత కథ యొకటి ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. ఈ శతాబ్దారంభమున నేపాళ్ బ్యాంకు, రాష్ట్రీయ వాణిజ్య బ్యాంకు అను రెండు పెద్ద సంస్థలును ఇచ్చిన అప్పులలో సగమునకు మించి మొండిబాకీలయ్యెను. వానిని నడపుటకు విదేశీయులను పిలిపించి పెత్తనము అప్పగింపవలసివచ్చెను. రానిబాకీ అయినను బాకీయే గనుక, ఆ అప్పులును లోతు లెక్కలో చేరినవే. పూడికతో నిండిన చెరువును గట్టునుండి చూచువానికి అది నిండుచెరువే. ఇదియును నిష్పత్తి దాచిపెట్టు రహస్యములలో నొకటి.

నాలుగవ విచారణ కొలతకు వెలుపల నిలిచినవారిని గూర్చినది. నేపాళమున ‘ధికుటి’ యను ఆచారము కలదు. మన చీటిపాటవంటిదే. పదిమంది కూడి నెలనెలా సొమ్ము వేసి వంతులవారీగ పుచ్చుకొందురు. ఇవిగాక వేలకొలది సహకార సంఘములు కలవు. లక్షలకొలది కుటుంబములు తమ చెమటసొమ్మును వానియందు దాచుకొన్నవి. వానిపై కేంద్ర బ్యాంకు కన్ను ఉండెడిది కాదు. ఇటీవలి సంవత్సరములలో అట్టి సంఘములు పెక్కు కూలి, డిపాజిట్టుదారులు వీధినిబడగా, 2024లో పార్లమెంటే ప్రత్యేక సంఘమును నియమించి విచారింపవలసి వచ్చెను. అవి నిలిచియున్న దినములలో బ్యాంకుల లోతు లెక్కలో చేరలేదు. కూలిన దినమున అందుండి తగ్గను లేదు. కాని వానిలో మునిగినది నిజమైన ప్రజల నిజమైన ధనము.

మీటరు వడ్డీ కథ యింకను ఘోరము. 2018 ఆగస్టునుండి అమలులోనున్న నేపాళ సివిలు స్మృతి ప్రకారము వ్యక్తుల నడుమ అప్పునకు నూటికి 10కి మించి వడ్డీ కూడదు. చట్టము చక్కగనే యున్నది. వ్యాపారి యేమి చేయును? లక్ష యిచ్చి మూడు లక్షలకు నోటు వ్రాయించుకొనును. లేదా పొలమును తనఖా యని నోట చెప్పి విక్రయపత్రమునే రిజిస్టరు చేయించుకొనును. న్యాయస్థానమునకు కాగితము మాటలాడును. నోరులేనివాడు మాటలాడలేడు. 2023లో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, ఇట్టి వ్యవహారమును నేరముగ పరిగణించు చట్టమును తెచ్చెను. సంఘమునకు వేలకొలది ఫిర్యాదులు వచ్చెను. అదే కాలమున సూక్ష్మఋణ సంస్థలపై గూడ తిరుగుబాటు లేచెను. ఒక్కొక్క స్త్రీ నాలుగైదు సంస్థలలో అప్పుచేసి, ఒకదానిని తీర్చుటకు మరియొకదానిని ఆశ్రయించుచున్నదని అందరికిని తెలిసినది. అప్పు అందుబాటులోనికి వచ్చుట వేరు. అప్పు మెడకు చుట్టుకొనుట వేరు. లెక్కలో రెండును ‘ఖాతాదారు’ అను ఒక్క మాట క్రిందనే నమోదగును.

ఇది వినునప్పుడు తెలుగు పాఠకులకు తమ యింటి సంగతి స్ఫురింపక మానదు. 2010లో ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల బాధ దుర్భరమై, ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. 2015 డిసెంబరులో విజయవాడలో ‘కాల్ మనీ’ పేర జరిగిన దారుణములు బయల్పడెను. ఆ రెండు వేళలను మన రాష్ట్రమున బ్యాంకులు లేకపోలేదు. ఆంధ్ర బ్యాంకు 1923లో మచిలీపట్టణమున పట్టాభి సీతారామయ్యగారి పూనికతో పుట్టి, 2020లో వేరొక బ్యాంకున విలీనమగువరకు దాదాపు శతాబ్దము మన నడుమనే యుండెను. బ్యాంకు ఉన్న వీధియందే కాల్ మనీ వ్యాపారియు నుండెను. కావున నేపాళమును చూచి నవ్వుటకు మనకు హక్కు లేదు. నేర్చుకొనుటకు మాత్రము కలదు.

ఇచట ప్రతిపక్షవాదమును వినుట న్యాయము. లోతును కొలుచుట వ్యర్థమని మేము చెప్పలేదు. బ్యాంకులు లేని దేశమున వడ్డీవ్యాపారికి పోటీయే లేదు. 2011లో నేపాళపు వయోజనులలో నూటికి 25 మందికి మాత్రమే ఖాతా లుండగా, 2021 నాటికి 54 మందికి ఏర్పడినవని ప్రపంచ బ్యాంకువారి సర్వేలు చెప్పుచున్నవి. 753 స్థానిక సంస్థలలో ప్రతిదానియందును ఒక వాణిజ్య బ్యాంకు శాఖ నెలకొల్పవలెనని ప్రభుత్వము పట్టుబట్టి చాలవరకు నెరవేర్చినది. రోజుల నడక గల కొండపల్లెలో బ్యాంకు బోర్డు వ్రేలాడుట చిన్న కార్యము కాదు. 2015లో వాణిజ్య బ్యాంకుల కనీస మూలధనమును 200 కోట్లనుండి 800 కోట్ల రూపాయలకు పెంచి, బలహీన సంస్థలను ఒకదానితో నొకటి కలియునట్లు చేసిరి. నేడు వాణిజ్య బ్యాంకులు 20 మాత్రమే. ఇవి నిజమైన ప్రయత్నములు. వీనిని మెచ్చుకొనుచునే మేము అడుగునది యిది: నూటికి 54 మందికి ఖాతాలున్న సంవత్సరముననే అప్పు 90 పాళ్లుండెననగా, మిగిలిన 46 మంది వాటా ఎవరి చేతిలోనికి పోయినది?

ప్రపంచ బ్యాంకు పండితులు గూడ ఈ లోపమును గుర్తింపకపోలేదు. ద్రవ్యసంస్థలను ఒక్క లోతుతోగాక నాలుగు గుణములతో కొలువవలెనని వారు 2012లో ఒక పద్ధతిని ఏర్పరచిరి: లోతు, అందుబాటు, సామర్థ్యము, స్థిరత్వము. ఇది మంచి పద్ధతి. కాని పత్రికలలో, సభలలో, మంత్రుల ఉపన్యాసములలో మొదటిదే మ్రోగుచున్నది. తక్కిన మూడును అనుబంధములలో నిదురించుచున్నవి. చిన్నదేశమునకు ఈ నాలుగును చాలవని మేము భావించుచున్నాము. మా సూచనలివి.

మొదటిది, వలసధనముపై బ్రతుకు దేశమున అప్పును దేశోత్పత్తితోపాటు మొత్తము దేశాదాయముతోను భాగించి, రెండంకెలను ప్రక్కప్రక్కన ప్రకటింపవలెను. రెండవది, దేశమునకంతటికి ఒక్క సగటు కాక, ప్రతి జిల్లాకును, వీలైనచో ప్రతి స్థానిక సంస్థకును, వేర్వేరు అంకె నియ్యవలెను. కర్ణాలి రైతునకు ఖాట్మండు లోతుతో నిమిత్తము లేదు. మూడవది, అప్పులను తనఖానుబట్టి విభజించి, భూమిని చూచి యిచ్చినదెంత, పంటను, పనిని, మనిషిని చూచి యిచ్చినదెంత అని స్పష్టపరుపవలెను. మొదటిది లోతు కాదు, భూమిధరల నీడ. నాలుగవది, మొండిబాకీలను, గడువు మార్చి కొత్త అప్పుగ చూపిన పాతబాకీలను మొత్తమునుండి తీసివేసి మిగిలినదానినే లోతుగ పరిగణింపవలెను. పూడికను లెక్కింపని లోతే నిజమైన లోతు.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బ్యాంకు వడ్డీకిని, పల్లెలో బీదవాడు వాస్తవముగ నిచ్చు వడ్డీకిని గల దూరమును ఏటేట కొలిచి ప్రకటింపవలెను. ఆ రెంటి నడుమ దూరము తగ్గుచున్నచో ద్రవ్యసంస్థలు లోతుకు పోవుచున్నవని నిశ్చయింపవచ్చును. నిష్పత్తి 90 అయినను, 190 అయినను, ఆ దూరము తగ్గనిచో అది పైపై నీరే. దీనిని కొలుచుట అసాధ్యమని కొందరందురు. మేము ఒప్పుకొనజాలము. భూమి రిజిస్టరు అగు ప్రతి కార్యాలయమునందును చిన్నకారు రైతులనుండి ఒకే కొనుగోలుదారు పేరిట వరుసగ పోవు పొలముల జాబితా యున్నది. న్యాయస్థానములలో అప్పుదావాల రిజిస్టరులున్నవి. ఏ ఊర ఏ వడ్డీ నడచుచున్నదో ఆ ఊరివారికందరికిని తెలియును. తెలియనిది లెక్కవ్రాయువారికి మాత్రమే. అడిగినచో తెలియును. అడుగుటకు మనసు కావలెను.

ఇది నేపాళ ప్రభుత్వమునకు మాత్రమే చెప్పు మాట కాదు. ఏ చిన్నదేశమైనను, ఏ రాష్ట్రమైనను, ఏ జిల్లాయైనను తన ద్రవ్యసంస్థలను ఈ విధముగ పరీక్షించుకొనవచ్చును. పఠనాలయములలో కూర్చుండి ఈ పంక్తులను చదువు సోదరులకు మేము చేయు మనవి యొక్కటి. ఇకమీదట ‘బ్యాంకు అప్పులు దేశోత్పత్తిలో ఇన్ని పాళ్లకు పెరిగినవి’ అను వార్త కంటబడినప్పుడు, దానిని చదివి పుట త్రిప్పివేయకుడు. ఆ అప్పు ఎవనికి, ఎచట, దేనిని చూచి, ఏ వడ్డీకి అను నాలుగు ప్రశ్నలను వేయుడు. సమాధానము రాకున్నచో మరల వేయుడు. ఆ ప్రశ్నలు వేయు పౌరులు లేనిచోట కేంద్ర బ్యాంకునకు అంకెలు మాత్రమే మిగులును. వేయువారు కలచోట ఆ అంకెల వెనుకనున్న మనుష్యులు కన్పట్టుదురు. తరాయినుండి ఖాట్మండునకు నడచివచ్చినవారు మోసికొనివచ్చినది అర్థశాస్త్రము కాదు, చేజారిన పొలముల దస్తావేజులు. కాని ఆ దస్తావేజులే ఆ దేశపు ద్రవ్యసంస్థల లోతును తెలుపు మొట్టమొదటి నమ్మదగిన లెక్కయని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.